డాక్టర్ స్టెరాయిడ్ రాశాడా? వాడే పద్ధతీ, ఆపే పద్ధతీ

"అన్నా, మొన్న మా నాయనకి తెల్ల బిళ్ళలు తెచ్చుకున్నాం, సన్నయ్, అయ్యేసుకుంటే మోకాళ్ళ నొప్పులు చేత్తో తీసేసినట్టు పోయినయ్, ఇంకో ఇరవై ఇయ్యి." వారానికి ఇద్దరు ముగ్గురన్నా మా షాపు కౌంటర్ కాడ నిలబడి ఇట్టా అడుగుతా ఉంటారు. చీటీ ఏదీ అంటే లేదు, పేరేంది అంటే తెలీదు, ఎవరిచ్చారు అంటే మా ఊళ్ళో సూదేసే ఆయన. అవి స్టెరాయిడ్ బిళ్ళలు అయ్యుంటాయి, ఇయ్యను అంటే కోపమొచ్చి పక్క షాపుకి పోతారు. ప్రతి ఒక్కరికీ నిలబడి చెప్పే ఓపిక నాకూ లేదు, వినే ఓపిక వాళ్ళకీ లేదు, అందుకే ఒకసారి కూర్చోని మొత్తం రాసేస్తా ఉండా, ఇకమీద అడిగినోళ్ళకి ఇదే పంపిస్తా.

మాది కందుకూరు పక్కన. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఆ ఏడు నెల్లూరు జిల్లాలో కలిపారు, ఒంగోలోళ్ళు మమ్మల్ని నెల్లూరోళ్ళు అంటారు నెల్లూరోళ్ళు ఒంగోలోళ్ళు అంటారు, సరే అది వేరే కథ. ఫార్మసీ చదివి పదిహేనేళ్ళుగా మెడికల్ షాపు నడుపుతా ఉండా. డాక్టర్ని కాదు కాబట్టి ఎవురికి ఎంత డోసు అనేది నేను చెప్పను, అది మీ డాక్టర్ పని. చేతికొచ్చిన బిళ్ళని ఎట్టా వాడాలో, దేనికి భయపడాలో దేనికి భయపడక్కర్లేదో అదే చెప్తా.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి, చెప్పుకోడానికి సిగ్గే అయినా. మా పెద్దమ్మది కనిగిరి వైపు పల్లె. ఆ పక్క నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, కీళ్ళ నొప్పులు లేని ఇల్లు ఉండదు, అందుకే పెద్దమ్మకి పొద్దున్నే లేస్తే చేతి వేళ్ళు ముడుచుకోకుండా బిగదీసుకుని ఉంటే, పొద్దెక్కిందాకా చెంబు పట్టుకోలేకపోతుంటే, మేమంతా నీళ్ళ వల్లే అనుకున్నాం. ఊళ్ళో ఆర్ఎంపీ కాగితం పొట్లాల్లో బిళ్ళలు ఇచ్చేవాడు, స్ట్రిప్ లోంచి తీసేసినవి, రోజుకి మూడు పూటలు. మూడో రోజుకే పెద్దమ్మ లేచి రోట్లో పచ్చడి నూరింది. ఏడాదిన్నర అట్టానే నడిచింది. మొహం గుండ్రంగా అయితే "పెద్దమ్మ ఒళ్ళు చేసింది, బో బాగుంది" అనుకున్నామే గానీ ఎవురికీ అనుమానం రాలేదు, నాతో సహా. తర్వాత ఆ ఆర్ఎంపీ కూతురి కాడికి పోయి నెల రోజులు రాలేదు, పొట్లాలు అయిపోయినయ్. ఐదారు రోజులకి వాంతులు, కడుపులో నొప్పి, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం. ఒంగోలు తీసకపోతే బీపీ బాగా కిందికి ఉండాది. అక్కడ డాక్టరమ్మ మొహం చూసి, చర్మం మీద కమిలిన మచ్చలు చూసి అడిగిన మొదటి మాట, "స్టెరాయిడ్ ఏమన్నా వాడి ఆపేశారా?" మందుల షాపోడి పెద్దమ్మకే ఇట్టా అయ్యింది అంటే ఇంక మిగతావాళ్ళ సంగతి ఏం చెప్పాలి. హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ (ఇదీ స్టెరాయిడే), సెలైన్ ఎక్కించారు, రెండు రోజుల్లో తేరుకుంది. ఆవిడకి ఉండేది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడే జబ్బు, అని అప్పుడు తెలిసింది.

ఇందులో తప్పు స్టెరాయిడ్‌ది కాదు. ఏం వేసుకుంటున్నామో తెలీకపోవడం ఒక తప్పు, ఒక్కసారిగా ఆగిపోవడం రెండో తప్పు. నేను చూసిన కేసుల్లో బాగా దెబ్బతిన్నోళ్ళంతా ఈ రెండిట్లో ఏదో ఒకదాంతోనే.

మీ చేతిలో ఉండేది స్టెరాయిడేనా, ఎట్టా తెలుసుకోవాలి

స్ట్రిప్ తిప్పి కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ప్రెడ్నిసలోన్, మిథైల్ ప్రెడ్నిసలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, హైడ్రోకార్టిసోన్, డిఫ్లజాకార్ట్, ట్రయామ్సినలోన్. వీటిల్లో ఏదున్నా స్టెరాయిడే. మన షాపుల్లో వైసలోన్, ఆమ్నాకార్టిల్, మెడ్రాల్, డెక్సోనా, బెట్నెసాల్ అనే పేర్లతో ఎక్కువ పోతాయి. ఇవన్నీ షెడ్యూల్ హెచ్ మందులు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. స్ట్రిప్ లేకుండా పొట్లంలో ఇస్తే స్ట్రిప్ చూపించమని అడగండి, చూపించకపోతే వద్దని చెప్పి వచ్చేయండి, మొహమాటం పడబాకండి. ఇంకోటి, "ఆకుపసరు పొడి, సైడ్ ఎఫెక్ట్ లేదు, మూడు రోజుల్లో నొప్పులు మాయం" అని అమ్మే వాటిల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ పొడి చేసి కలిపేస్తారు. వేర్లూ ఆకులూ మూడు రోజుల్లో వాపులు దించేస్తన్నాయంటే, అదే సమయంలో ఆకలి తెగ పెరిగి మొహం ఉబ్బుతా ఉంటే, ఆ పొడి పట్టుకుని డాక్టర్ కాడికి పొండి. నెలల తరబడి వాడుంటే మాత్రం అది కూడా ఉన్నట్టుండి ఆపబాకండి, పెద్దమ్మ కథే అవుద్ది.

ఎంజీ చూసి మోసపోబాకండి. "అర ఎంజీ బిళ్ళే గదన్నా, దీనికేంది" అంటారు. డెక్సామెథాసోన్ 0.75 ఎంజీ అంటే ప్రెడ్నిసలోన్ 5 ఎంజీతో సమానం, మిథైల్ ప్రెడ్నిసలోన్ అయితే 4 ఎంజీ. అర ఎంజీ డెక్సా పూటకి రెండు చొప్పున మూడు పూటలు వేసుకుంటే రోజుకి 20 ఎంజీ ప్రెడ్నిసలోన్ మింగినట్టు లెక్క. పైగా డెక్సా ఒంట్లో చాలాసేపు ఉంటది.

జిమ్ముల్లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరే జాతి, ఆ గొడవ ఇక్కడ లేదు.

అసలు ఇది ఏం చేస్తది

మన మూత్రపిండాల మీద టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులని రెండు ఉంటాయి, అవి రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి, తెల్లారే వేళకి ఎక్కువ, రాత్రికి తక్కువ. ఒంటికి రోజూ కావాల్సిన కార్టిసాల్ ఉజ్జాయింపుగా ప్రెడ్నిసలోన్ 5 ఎంజీ అంత, అంతకన్నా రోంత తక్కువే. స్టెరాయిడ్ బిళ్ళ అంటే అదే పని చేసే మందు, ఇంకా పెద్ద మోతాదులో. ఒంట్లో రక్షణ వ్యవస్థ దారి తప్పి మన కీళ్ళ మీదో ఊపిరితిత్తుల మీదో కిడ్నీల మీదో పడితే వాపు, ఎరుపు, వేడి, నొప్పి వస్తాయి గదా, దాన్ని ఇది అణచిపెడుద్ది. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో కదల్లేకుండా ఉన్న ఒక ఆడమనిషికి మొదటిసారి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. ఆయనకీ, కెండాల్, రైక్‌స్టైన్ అనే ఇంకో ఇద్దరికీ కలిపి 1950లో నోబెల్ వచ్చింది. సైడ్ ఎఫెక్టులు ఎంత ఉంటాయో కూడా ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే తెలిసొచ్చింది.

కాబట్టి దీన్ని విషం అనుకునేవాళ్ళు కూడా తప్పే. డాక్టర్ రాసింది చూసి "అమ్మో స్టెరాయిడా" అని సగం కోర్సు పారేసి వచ్చేవాళ్ళు కూడా నాకు తెలుసు. ఆయాసం పొడుచుకొచ్చినప్పుడు ఐదు రోజులు వారం స్టెరాయిడ్ వాడితే ప్రాణం నిలబడుద్ది. మూతి వంకరపోయే బెల్స్ పాల్సీకి 72 గంటల్లోపు మొదలుపెడితే నరం కోలుకునే అవకాశం పెరుగుద్ది, పసరు మందులకి తిరిగేలోపు ఆ టైం అయిపోద్ది. పిల్లలకి ఒళ్ళంతా నీరు పట్టే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి మొదటి మందు ఇదే. లూపస్ (ఇది కూడా ఒంటి రక్షణ వ్యవస్థ మన మీదే పడే జబ్బు), పేగు పూతలు, మెదడు టీబీ (టీబీ మందులతో కలిపి), కుష్టు మందులు వాడేటప్పుడు వచ్చే రియాక్షన్, ఇట్టా చాలా ఉండాయి. కరోనాలో 2020లో బ్రిటన్‌లో "రికవరీ" అనే పేరుతో జరిగిన మందుల పరీక్షలో రోజుకి 6 ఎంజీ డెక్సా 10 రోజుల దాకా ఇస్తే వెంటిలేటర్ మీద ఉండేవాళ్ళ చావులు మూడో వంతు తగ్గినయ్, ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళకి మాత్రం ఏ ఉపయోగం కనపడలేదు. మన కాడ ఏం చేశారు? జలుబు రాగానే డెక్సా మింగారు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినోళ్ళలో ఎక్కువ మంది షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడినోళ్ళే.

మోకాళ్ళు అరిగిన నొప్పికి, పొలంలో నాట్లేసి వచ్చిన నడుం నొప్పికి, ఫ్లోరైడ్ నొప్పికి రోజూ స్టెరాయిడ్ బిళ్ళ వైద్యం కాదు. వేసుకుంటే హుషారొస్తది, ఒప్పుకుంటా, అదే దాంట్లో ఉండే మాయ.

మొదటి బిళ్ళ వేసుకునే ముందు

డాక్టర్ కాడ ఇవి దాచబాకండి, అడక్కపోయినా మీరే చెప్పండి: షుగర్, బీపీ, ఎప్పుడన్నా టీబీ వచ్చిందా లేదా ఇంట్లో ఎవురికన్నా ఉందా, కడుపులో పుండు, నీటికాసులు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), మానసిక సమస్య ఏమన్నా, కడుపుతో ఉన్నారా. రెండు వారాలకి మించి దగ్గు, సందకాడ జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి, లోపల నిద్రపోతా ఉండే టీబీని స్టెరాయిడ్ లేపుద్ది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళకి మట్టిలోంచి కాళ్ళగుండా ఎక్కే ఒక రకం నులిపురుగులు ఉంటాయి, స్ట్రాంజిలాయిడిస్ అంటారు, ఊరికే ఉన్నప్పుడు పెద్దగా తెలీదు గానీ పెద్ద డోసు స్టెరాయిడ్ పడితే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తాయి. "నేను వ్యవసాయం చేస్తా, కాళ్ళు మట్టిలోనే ఉంటాయి" అని ఒక్క ముక్క చెప్తే డాక్టర్ ఆ కోణంలో కూడా చూస్తాడు.

ఇంక ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని రోజులు? ఎట్టా తగ్గించాలి? దీని బదులు తర్వాత పనిచేసే మందు ఏమన్నా ఉందా? మూడోది ముఖ్యం. రుమటాయిడ్‌లో స్టెరాయిడ్ అనేది పడవ లాంటిది, మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందు పని మొదలుపెట్టేదాకా, అంటే కొన్ని వారాల పాటు దాటించడానికి. పడవలోనే కాపురం పెట్టకూడదు. పెద్దమ్మ ఇప్పుడు వారానికి ఒక్కరోజు వేసుకునే మెథోట్రెక్సేట్ మీద ఉండాది (వారానికి ఒక్కసారే, రోజూ కాదు, ఈ పొరపాటు చేసి ఆస్పత్రి పాలైనోళ్ళు ఉండారు), స్టెరాయిడ్ పూర్తిగా మానడానికి ఆవిడకి తొమ్మిది నెలలు పట్టింది.

రోజూ వేసుకునే పద్ధతి

పొద్దున 8 గంటల లోపు, టిఫిన్ తిన్నాక, మొత్తం డోసు ఒక్కసారే. డాక్టర్ రెండు పూటలని రాస్తే రెండోది మధ్యాహ్నానికి అయిపోవాలి, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, పొద్దున వేసుకుంటే ఒంట్లో కార్టిసాల్ తీరుకి దగ్గరగా ఉంటది. ఖాళీ కడుపుతో వద్దు, ఒక ఇడ్లీయో రోంత సద్దన్నమో తినండి చాలు. మర్చిపోతే ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోబాకండి, ఆ రోజుది ఆ రోజే.

పక్కన డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కలపొద్దు. మన కాడ ఇచ్చే "నొప్పుల సెట్టు"లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, కడుపులో పుండు పడటానికి దీన్ని మించిన జోడీ లేదు. విరోచనం తారు మాదిరి నల్లగా అయితే లోపల రక్తం పోతా ఉన్నట్టు, ఆ రోజే ఆస్పత్రి. మామూలు నొప్పికో జ్వరానికో పారాసిటమాల్ వాడుకోవచ్చు, కానీ జ్వరం వస్తే కింద చెప్పింది కూడా చదవండి. టీబీకి రిఫాంపిసిన్ గానీ మూర్ఛకి ఫెనిటాయిన్ గానీ వాడుతుంటే స్టెరాయిడ్ బలం తగ్గిపోద్ది, చెప్పి తీరాలి. మద్యం తాగేవాళ్ళు, ఆ కోర్సు అయ్యేదాకా అన్నా ఆపండి సామీ.

షుగర్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా ఎందుకంటే దీంట్లోనే అందరూ మోసపోతారు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసలోన్ దెబ్బ మధ్యాహ్నం నుంచి సందకాడ దాకా కనపడుద్ది, తెల్లారేసరికి దిగిపోద్ది. మనోళ్ళు పొద్దున్నే పరగడుపున చూపించుకుని "110 ఉంది, నాకు షుగర్ పెరగలా" అని సంబరపడతారు. అదే మనిషికి మధ్యాహ్నం అన్నం తిన్న 2 గంటలకి చూస్తే 300 ఉంటది. కాబట్టి స్టెరాయిడ్ మీద ఉండేవాళ్ళు మధ్యాహ్నం అన్నం తర్వాతో, రాత్రి భోజనం ముందో చూసుకోవాలి. షుగర్ లేనోళ్ళు కూడా మొదటి వారం రెండుసార్లు చూసుకుంటే మంచిది. షుగర్ మందులు పెంచుకోవాల్సి వస్తే డాక్టర్‌కి చెప్పి పెంచుకోండి, స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు అవి కూడా తగ్గించాలి, ఇది మర్చిపోతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి పడిపోతారు.

తిండి. ఆకలి అనేది దయ్యం పట్టినట్టు వేస్తది, అది మీ తప్పు కాదు, మందు వల్ల. కానీ ఉప్పు మన చేతిలోనే ఉంది. నెల్లూరు చేపల పులుసు తినొద్దు అని ఎవురూ చెప్పరు, చెప్పినా మనం వినం. అందులో ఉప్పు తగ్గించి, ముక్క ఎక్కువ అన్నం తక్కువ తినండి. ఎండు చేపలు, ఉప్పు చేప, ఆవకాయ, అప్పడాలు, వడియాలు మాత్రం ఆ కోర్సు అయ్యేదాకా అటక మీద పెట్టేయండి, ఉప్పుకి ఒంట్లో నీరు పట్టి కాళ్ళు పొంగుతాయి బీపీ పెరుగుద్ది. పెరుగు, పాలు, రాగి సంగటి, గుడ్లు, మునగాకు, పప్పు మంచివి. ఆత్మకూరు బస్టాండ్ కాడ మలై కాజా ఒకటి తింటే ఏమవుద్ది అని మా బామ్మర్ది అడిగాడు, ఒకటి తింటే ఏం కాదు, వాడు తినేది ఒకటి కాదు.

ఏం జరిగితే భయపడక్కర్లేదు, ఏం జరిగితే పరిగెత్తాలి

మొదటి వారంలో నిద్ర తక్కువ, ఆకలి ఎక్కువ, కొంచెం చిరాకు లేదా అతిహుషారు, మొటిమలు, గుండె దడ. ఇవి చాలామందికి వస్తాయి, డోసు తగ్గితే తగ్గుతాయి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి "రెండు వారాలు నాకు కోపం ఎక్కువొస్తది, పట్టించుకోబాకండి" అని, నిజంగా ఉపయోగపడుద్ది. రాత్రంతా నిద్ర లేకుండా అర్థంపర్థం లేకుండా మాట్లాడతా ఉంటే, లేనివి కనపడుతుంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం అది చిరాకు కాదు, వెంటనే డాక్టర్ కాడికి. వారాలు గడిచే కొద్దీ మొహం చందమామ లాగా, మెడ వెనక కొవ్వు, పొట్ట మీద ఊదారంగు చారలు, చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, తొడల్లో బలం తగ్గి గొంతు కూర్చుని లేవలేకపోవడం. ఇవి డోసూ రోజులూ పెరిగే కొద్దీ వస్తాయి, మందు తగ్గాక చాలావరకు నెమ్మదిగా పోతాయి, చారలు మాత్రం వెలిసిపోతాయే గానీ పూర్తిగా పోవు.

ఎముకలకి జరిగే నష్టం బయటికి కనపడదు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక పల్చబడటం మొదలవుద్ది. మూడు నెలలు దాటి వాడాల్సి వస్తే కాల్షియం, విటమిన్ డి, ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి అడగండి (ఈ డెక్సా వేరు బిళ్ళ డెక్సా వేరు, ఒకాయన స్కాన్ చీటీ తీసుకొచ్చి నన్ను డెక్సా బిళ్ళలు ఇవ్వమన్నాడు). నడిచేటప్పుడు గజ్జల్లో లోతుగా నొప్పి వస్తా ఉంటే తుంటి ఎముకకి రక్తం అందడంలేదేమో చూపించుకోవాలి. కళ్ళకి శుక్లాలు, నీటికాసులు వస్తాయి, కాబట్టి నెలల తరబడి వాడేవాళ్ళు ఏడాదికి ఒకసారన్నా కంటి ఒత్తిడి చూపించుకోవాలి. పిల్లలకి ఎదుగుదల మందగిస్తది, అందుకే వాళ్ళ ఎత్తూ బరువూ రాసి పెడుతుంటారు.

ఇంక జ్వరం సంగతి. స్టెరాయిడ్ ఇన్ఫెక్షన్‌ని పెంచుద్ది, మళ్ళీ దాని గుర్తుల్ని దాస్తది కూడా. మామూలు మనిషికి 103 వచ్చే చోట వీళ్ళకి 99 దగ్గరే ఆగొచ్చు, కడుపులో పేగు పగిలినా గట్టిగా నొప్పి తెలీకపోవచ్చు. అందుకని చిన్న జ్వరమైనా, కాలి పుండైనా, నాలిక మీద తెల్ల పూతైనా తేలిగ్గా తీసుకోవద్దు. ఇంట్లో పిల్లలకి అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ, మీకు చిన్నప్పుడు పొయ్యకుండా ఉంటే ఆ గదిలోకి పోబాకండి, పోయిన తర్వాత తెలిస్తే వేపమండలు కట్టుకుని కూర్చోకుండా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. పెద్ద డోసు వాడేటప్పుడు బతికున్న సూక్ష్మక్రిములతో చేసే టీకాలు వేయించుకోకూడదు, టీకా వేసే ఏఎన్ఎంకి చెప్పండి.

ఆపే పద్ధతి

దీన్ని రెండుసార్లు చదవండి. కాలవ నీళ్ళు పుష్కలంగా పారతా ఉంటే బోరు మోటారు ఎవురూ వెయ్యరు. ఆరు నెలలు ఆడని మోటారు, కాలవ కట్టేసిన రోజు స్విచ్ వేస్తే తిరుగుద్దా? పట్టుకోని ఉంటది. అడ్రినల్ గ్రంథులు కూడా అంతే, బయటి నుంచి స్టెరాయిడ్ వస్తా ఉంటే అవి పని ఆపేస్తాయి, మళ్ళీ లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుద్ది. మూడు వారాల లోపు కోర్సు అయితే చాలామందికి డాక్టర్ చెప్పిన రోజున ఆపేయొచ్చు, దిగుడు మెట్లు అక్కర్లేదు. అంతకి మించితే మెల్లగా దిగాలి. పైన ఉన్నప్పుడు పెద్ద మెట్లు, 40 నుంచి 30, 30 నుంచి 20 ఇట్టా, కిందికి వచ్చే కొద్దీ చిన్న మెట్లు, 5 ఎంజీ దగ్గరికి వచ్చాక ఇంకా నిదానం, నెలకి ఒక్క ఎంజీ చొప్పున కూడా తగ్గిస్తారు. లెక్క డాక్టర్‌దే, మీరు చెయ్యాల్సింది ఏందంటే గోడ క్యాలెండర్ మీద ఏ తారీకు నుంచి ఎంత అనేది రాసుకోవడం. మా పెద్దమ్మకి చదువు రాదు, నేను తారీకు గడిలో చుక్కలు పెట్టేవాణ్ణి, నాలుగు చుక్కలంటే నాలుగు బిళ్ళలు.

తగ్గించేటప్పుడు ఒళ్ళు నొప్పులు, నీరసం, మనసు బాగోకపోవడం రావొచ్చు. అది ఒక్కోసారి జబ్బు తిరగబెట్టడం, ఒక్కోసారి మందు తగ్గిన నీరసం, రెండూ ఒకేలాగా ఉంటాయి కాబట్టి మీరే మళ్ళీ పెంచుకోకుండా అడగండి. వాంతులు, కళ్ళు తిరగడం, లేచి నిలబడలేకపోవడం, మగతగా ఉండటం అయితే అడగడాలు లేవు, 108కి ఫోన్ చెయ్యండి, ఎక్కగానే చెప్పాల్సిన మాట "స్టెరాయిడ్ వాడి ఆపాం".

నెలల తరబడి వాడేవాళ్ళకి జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా, యాక్సిడెంట్ అయినా ఒంటికి మామూలు కంటే ఎక్కువ కార్టిసాల్ కావాలి, గ్రంథులు ఇవ్వలేవు. అందుకని జ్వరం రోజుల్లో డోసు రెట్టింపు చెయ్యమని చాలామంది డాక్టర్లు ముందే చెప్పి పెడతారు, మీకు చెప్పకపోతే ఈసారి పోయినప్పుడు అడిగి రాయించుకోండి. వాంతులై బిళ్ళ నిలవకపోతే ఇంజక్షనే దిక్కు, రేపు చూద్దాం అనుకోవద్దు. పన్ను పీకించుకున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఊదే మందు, పూసే మందు, కీలు సూది

ఆయాసానికి ఇన్‌హేలర్ అంటే మనోళ్ళకి చచ్చేంత భయం, "అలవాటైపోద్ది" అని. బిళ్ళలో ఎంజీలు, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాములు, అంటే వెయ్యో వంతు లెక్క, అది కూడా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోద్ది. చీమకుర్తి క్వారీల కాడ దుమ్ములో పనిచేసే ఆస్తమా కుర్రోళ్ళు ఇన్‌హేలర్ వద్దని నెలకోసారి స్టెరాయిడ్ సూది వేయించుకుంటారు, తలకిందుల లెక్క అది. ఊదిన ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్ల పూత, గొంతు బొంగురు.

పూసే క్రీములు అయితే, తామరకి స్టెరాయిడ్ కలిసిన క్రీము పూయొద్దు, దురద తగ్గుద్ది తామర పాకుద్ది. మొహం తెల్లబడటానికి అసలు పూయొద్దు, కొన్నాళ్ళకి చర్మం పల్చబడి ఎండకి పోతే ఎర్రగా మండుద్ది, మానేస్తే ఇంకా మండుద్ది. 2018లో చాలా స్టెరాయిడ్ క్రీముల్ని కూడా షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. డాక్టర్ రాస్తే కొలత ఇది: చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము, వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోద్ది.

మోకీల్లోకి వేసే స్టెరాయిడ్ సూది వేరే. వాచిన కీలుకి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఉపశమనం ఇస్తది. ఒకే కీలుకి ఏడాదికి మూడు నాలుగుకి మించి వెయ్యరు. షుగర్ ఉండేవాళ్ళకి వేసిన తర్వాత కొద్ది రోజులు పెరుగుద్ది, చూసుకోండి.

ఆఖర్న ఒక చీటీ. నెల దాటి స్టెరాయిడ్ వాడేవాళ్ళు, ఆపి ఏడాది కానోళ్ళు, ఒక అట్టముక్క మీద ఇట్టా రాసి ఆధార్ కార్డు వెనకాల పెట్టుకోండి. పెద్దమ్మ చీరకొంగు ముడిలో ఇప్పటికీ ఉంటది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చా:

"నేను స్టెరాయిడ్ వాడుతున్నాను / వాడి ఆపాను. మందు పేరు, రోజుకి ఎంత ఎంజీ, ఎప్పటి నుంచి, ఆపితే ఎప్పుడు. జబ్బు పేరు. నాకు స్పృహ లేకపోయినా, వాంతులవుతున్నా, ఆపరేషన్ అవసరమైనా హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ అవసరం పడొచ్చు. నా డాక్టర్ ఫోన్ నంబరు, ఇంటి ఫోన్ నంబరు."

రాయడం రానోళ్ళు వాళ్ళ స్ట్రిప్, పాత చీటీ తీసుకుని ఏ మెడికల్ షాపుకి పోయినా రాసిస్తారు, అయిదు నిమిషాల పని.